తక్కువ బడ్జెట్ రేసింగ్ బండికి సెకండ్ హ్యాండ్ కార్బురేటర్.. కొనేముందు ఇవి చూసుకోండి

హైదరాబాద్: ఇంజినీరింగ్ కాలేజీ కుర్రాళ్లు నలుగురైదుగురు కలిసి ఒక గో-కార్ట్ తయారు చేయాలనుకుంటారు. తలా కొంత వేసుకుని పైపులు కొంటారు, వెల్డింగ్ చేయిస్తారు. కబాడీ షాపులో పాత 150 సీసీ బైక్ ఇంజిన్ దొరుకుతుంది. తీరా తెచ్చి చూసుకుంటే దానికి కార్బురేటర్ ఉండదు. బండి విప్పగానే ముందు చేతులు మారేది అదే. నాలుగు స్క్రూలు తీస్తే ఊడి వస్తుంది, సంచిలో పడుతుంది, విడిగా అమ్ముడుపోతుంది. "ఏదో ఒకటి తగిలిద్దాంలే" అని బజారుకు వెళ్లిన కుర్రాళ్లు మొదటి వారం ఒకటి, రెండో వారం ఇంకొకటి కొంటారు. మూడోది కొనేసరికి కొత్త కార్బురేటర్ ఖర్చు దాటిపోతుంది. బండి మాత్రం స్టార్ట్ కాదు.

ఈ నష్టం తప్పించుకోవడం కష్టమేమీ కాదు. ఎంత సైజు కావాలో, ఎక్కడ వెతకాలో, చేతిలోకి తీసుకున్నాక ఏం చూడాలో ముందే తెలిస్తే చాలు. తక్కువ రేటుకు వచ్చిందే చవక అనుకోవద్దు. బండికి బిగించి నడిపేసరికి మొత్తం ఎంత అయిందన్నదే అసలు లెక్క.

పాతవాటి కోసమే ఎందుకు వెతకాలి?

2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో బీఎస్-6 నిబంధనలు అమల్లోకి వచ్చాయి. పొగ తగ్గించాలంటే పెట్రోల్‌ను కొలత ప్రకారం పంపాలి. అందుకే కంపెనీలు దాదాపు అన్ని బైకులనూ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మార్చేశాయి. కార్లలో ఈ మార్పు అంతకు ఇరవై ఏళ్ల ముందే మొదలైంది. మొదట్లో వచ్చిన మారుతీ 800ల్లో కార్బురేటర్ ఉండేది. తర్వాత వాటికీ ఇంజెక్షన్ వచ్చింది.

అంటే ఇవాళ బజారులో తిరిగే కార్బురేటర్లలో ఎక్కువ భాగం 2020కి ముందు తయారైన బండ్లవే. రోజులు గడిచేకొద్దీ ఆ సరుకు తగ్గుతుందే తప్ప పెరగదు. కొన్ని మోడళ్లకు కంపెనీ స్పేర్ పార్ట్ ఇంకా దొరుకుతోంది. అందుకే పాతది వెతికే ముందు ఒకసారి కంపెనీ డీలర్ దగ్గర కొత్తదాని రేటు కనుక్కోవాలి. ఆ అంకె తెలియకుండా బేరానికి దిగితే చవకేదో, ఖరీదేదో తేల్చుకోలేరు.

కార్బురేటర్ చేసే పని

పిస్టన్ కిందికి దిగినప్పుడు ఇంజిన్ గాలిని పీల్చుకుంటుంది. ఆ గాలి కార్బురేటర్‌లోని ఇరుకైన గొంతు గుండా వెళ్తుంది. ఇరుకు దారిలో గాలి వేగం పెరుగుతుంది, అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు కింది గిన్నెలో ఉన్న పెట్రోల్ సన్నటి రంధ్రాల గుండా పైకి లేచి గాలిలో కలుస్తుంది. ఆ రంధ్రాలున్న ఇత్తడి ముక్కలనే జెట్లు అంటారు. గిన్నెలో పెట్రోల్ మట్టాన్ని ఫ్లోట్ కాపలా కాస్తుంది.

మన బైకుల మీద ఎక్కువగా రెండు రకాలు కనిపిస్తాయి. మొదటిది స్లైడ్ రకం. యాక్సిలరేటర్ వైరు లాగితే లోపలి స్లైడ్ నేరుగా పైకి లేస్తుంది. యమహా ఆర్‌ఎక్స్100 మీద వచ్చిన మికునీ వీఎం20 ఈ రకమే. రెండోది సీవీ రకం. ఇందులో వైరు ఒక చిన్న పలకను తిప్పుతుంది, ఇంజిన్ పీల్చే గాలిని బట్టి స్లైడ్ దానంతట అదే లేస్తుంది. దీని పైమూత కింద పలుచటి రబ్బరు డయాఫ్రమ్ ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు స్లైడ్ రకం సులువు. విప్పడం తేలిక, చెడిపోయే భాగాలు తక్కువ.

పెద్దదైతే పవర్ ఎక్కువ వస్తుందా?

కుర్రాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. 220 సీసీ బైక్ నుంచి తీసిన 32 ఎంఎం కార్బురేటర్‌ను 150 సీసీ ఇంజిన్‌కు తగిలిస్తే స్పీడు పెరుగుతుందని అనుకుంటారు. గొంతు మరీ వెడల్పు అయితే గాలి వేగం పడిపోతుంది, పెట్రోల్ సరిగా లేవదు. మలుపు తిరిగి యాక్సిలరేటర్ ఇవ్వగానే ఇంజిన్ దగ్గి ఆగిపోతుంది. చిన్న ట్రాక్ మీద గో-కార్ట్‌కు కావాల్సింది మలుపు తర్వాత వెంటనే అందుకునే వేగమే.

దీనికి ట్యూనింగ్ చేసేవాళ్లు వాడే ఒక మోటు లెక్క ఉంది. ఒక సిలిండర్ సీసీని లీటర్లలోకి మార్చి, గరిష్ఠ పవర్ వచ్చే ఆర్‌పీఎంతో గుణించాలి. దాని వర్గమూలాన్ని 0.65 నుంచి 0.9 మధ్య ఉండే అంకెతో గుణిస్తే గొంతు సైజు మిల్లీమీటర్లలో వస్తుంది. ఇంజిన్‌ను మొదట్లోనే పెద్దగా మార్చనివాళ్లు 0.75 తీసుకుంటే సరిపోతుంది.

150 సీసీ అంటే 0.15 లీటరు. 8,500 ఆర్‌పీఎంతో గుణిస్తే 1,275. దాని వర్గమూలం సుమారు 35.7. దాన్ని 0.75తో గుణిస్తే 26.8. అంటే 26 నుంచి 28 ఎంఎం మధ్య ఏది దొరికినా పని జరుగుతుంది. ఇదే లెక్క 98 సీసీ ఆర్‌ఎక్స్100కు వేసి చూడండి. ఆ బండి గరిష్ఠ పవర్ 7,500 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది. జవాబు 20.3. కంపెనీ పెట్టింది 20 ఎంఎం. లెక్క మోటుదే అయినా దారి తప్పించదు.

ఇంకో మాట. పోటీకి వెళ్లేవాళ్లు ముందు రూల్ బుక్ చదవాలి. బాహా ఎస్ఏఈ ఇండియా లాంటి పోటీల్లో నిర్వాహకులు చెప్పిన ఇంజినే వాడాలి, దాన్ని మార్చకూడదు. అలాంటిచోట వేరే కార్బురేటర్ కొంటే డబ్బులు నీళ్లలో పోసినట్టే.

ఎక్కడ వెతకాలి?

సికింద్రాబాద్ రాణిగంజ్, కోఠి దగ్గర జాంబాగ్, పుత్లీబౌలీ ఆటో స్పేర్ పార్ట్స్‌కు పేరున్న చోట్లు. రిపేర్ కిట్లు, జెట్లు, రబ్బర్లు, వైర్లు ఇక్కడ అడగాలి. పాత సామాను కోసమైతే గురువారం జుమేరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ సంత ఉన్నాయి. అక్కడ అదృష్టం, ఓపిక రెండూ కావాలి. ఏ వారం ఏ సరుకు వస్తుందో అమ్మేవాళ్లకే తెలియదు. విజయవాడ జవహర్ ఆటోనగర్‌ది పెద్ద పేరే గానీ అక్కడ లారీలు, బస్సుల పనే ఎక్కువ. చెన్నై పుదుపేట పాత బండ్లు విప్పి పార్టులు అమ్మే మార్కెట్. అటు వెళ్లే పని ఉన్నవాళ్లు ఒకసారి చూడొచ్చు. దాని కోసమే టికెట్ పెట్టుకుని వెళ్తే మాత్రం గిట్టదు.

వీటన్నిటికంటే ముందు అడగాల్సిన చోటు మీ గల్లీలోని పాత మెకానిక్ షాపు. పాతికేళ్లుగా బండ్లు విప్పుతున్న ఉస్తాద్ దగ్గర కస్టమర్లు మార్చి వదిలేసిన పార్టులు డబ్బాల్లో పడి ఉంటాయి. ఏది ఏ బండిదో, ఎందుకు తీశాడో ఆయనకు గుర్తుంటుంది. బజారులో ఆ వివరం ఎవరూ చెప్పరు.

ఏ మోడల్ అడగాలన్నదీ ముఖ్యమే. ఆర్‌ఎక్స్100 తయారీ 1996లో ఆగిపోయినా మోజు మాత్రం తగ్గలేదు. ఆ పేరు ఎత్తగానే రేటు పెరుగుతుంది, నకిలీలూ ఎక్కువ. మామూలుగా ఆఫీసుకు వెళ్లడానికి వాడిన 125, 150 సీసీ బైకుల కార్బురేటర్లను ఎవరూ అంతగా పట్టించుకోరు. బడ్జెట్ బండికి అవే మేలు. ఇంజిన్ ఏ బైక్‌దో ఆ బైక్ కార్బురేటరే దొరికితే అంతకంటే కావాల్సింది లేదు. బోల్టుల దూరం, రబ్బరు గొట్టం, వైరు అన్నీ కలిసిపోతాయి.

చేతిలోకి తీసుకున్నాక ఏం చూడాలి?

జేబులో చిన్న స్క్రూడ్రైవర్, స్టీల్ స్కేలు పెట్టుకుని వెళ్లాలి. ఫోన్ టార్చ్ ఎలాగూ ఉంటుంది. అమ్మేవాడు గిన్నె విప్పనివ్వకపోతే అక్కడ కొనవద్దు.

మొదట స్లైడ్‌ను పైకి లాగి వదలాలి. టక్‌మని కిందికి పడాలి. మధ్యలో ఆగితే ట్రాక్ మీద యాక్సిలరేటర్ ఇరుక్కుంటుంది. అది ప్రాణం మీదికి తెస్తుంది. స్లైడ్ మీద లోతైన గీతలున్నా, లోపల గలగలలాడినా అరిగిపోయినట్టు లెక్క. సీవీ రకమైతే పలక ఉన్న ఇరుసును వేళ్లతో పైకీ కిందికీ కదిపి చూడాలి. అది వదులుగా ఉంటే అక్కడి నుంచి గాలి దూరుతుంది, ఐడ్లింగ్ ఎప్పటికీ నిలబడదు. పైమూత విప్పి డయాఫ్రమ్‌ను వెలుతురుకు పట్టి చూడాలి. సూది మొనంత చిల్లు కనిపించినా వద్దు. రబ్బరు దొరకాలి, దాని ఖర్చు వేరే.

తర్వాత కింది గిన్నె. లోపల తెల్లటి పొడి, పచ్చటి పేరుకు ఉంటే ఏళ్ల తరబడి పెట్రోల్‌తోనే మూలన పడి ఉందని అర్థం. పైపైన ఉంటే కడిగితే పోతుంది. లోహం గుంటలు పడితే మాత్రం కుదరదు. ఫ్లోట్ పిన్ను పట్టుకునే రెండు చిన్న స్తంభాలు విరగకుండా ఉన్నాయా చూడాలి. అవి విరిగితే బాడీ పనికిరాదు. ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపాలి. లోపల పెట్రోల్ చప్పుడైతే చిల్లు పడినట్టే.

ఇంజిన్‌కు బిగించే ముఖం మీద స్టీల్ స్కేలు నిలబెట్టి టార్చ్ వేయాలి. మధ్యలో వెలుతురు కనిపిస్తే వంగిపోయిందని గుర్తు. కొద్దిగా వంగితే గరుకు కాగితం మీద రుద్ది సరిచేసుకోవచ్చు. చివరిగా స్క్రూల మరలు. మరలు పోయిన గిన్నె లీకవుతుంది. వేడి సైలెన్సర్ దగ్గర పెట్రోల్ లీక్ ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

నకిలీని పట్టేదెలా?

అసలైన మికునీ బాడీ మీద, జెట్ల మీద చతురస్రంలో చతురస్రం ఉన్నట్టు ఉండే చిన్న గుర్తు ఉంటుంది. అక్షరాలు సాఫీగా, అంచులు పదునుగా ఉంటాయి. నకిలీలో అచ్చు మసకగా, అంచులు గరుకుగా కనిపిస్తాయి. పాత బాడీ మీద అన్నీ తళతళలాడుతుంటే కూడా అనుమానించాలి. పాలిష్ బయట చేసి లోపల అరిగిన సరుకు పెట్టడం మామూలే. జెట్ మీద నంబర్ కూడా చూడాలి. మికునీ జెట్‌కు, కెయిహిన్ జెట్‌కు ఒకే నంబర్ ఉన్నా పెట్రోల్ ఒకే లెక్కన రాదు. ఒకదాంట్లో ఒకటి వేయకూడదు.

అసలు లెక్క ఇలా వేయాలి

రెండు సరుకులు ఎదురుగా ఉన్నాయనుకుందాం. ఇక్కడి అంకెలు మార్కెట్ రేట్లు కావు, లెక్క అర్థం కావడానికి మాత్రమే. ఒకటి ఉత్త బాడీ, 600 రూపాయలు. దానికి రిపేర్ కిట్ 350, జెట్లు 200, ఇంజిన్‌కు కలిపే రబ్బరు 300, వైరు 200, వాటి కోసం రెండుసార్లు తిరిగిన ఖర్చు 200. మొత్తం 1,850. రెండోది రబ్బరు, వైరు, జెట్లతో సహా పూర్తిగా ఉన్నది, 1,200. రిపేర్ కిట్ 350 కలిపితే 1,550. సగం ధరకు దొరికిందనుకున్నదే చివరికి 300 ఎక్కువ తినేసింది. అందుకే బేరం ఆడేటప్పుడు రేటు తగ్గించమని అడగడం కంటే "రబ్బరు, వైరు కూడా కలిపి ఇవ్వండి" అని అడగడం లాభం.

పూర్తి సరుకైనా రిపేర్ కిట్ మాత్రం తప్పదు. పాత రబ్బరు రింగులు ఎండిపోయి ఉంటాయి. పైగా ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. పాత రబ్బర్లు దానికి తట్టుకోలేక ఉబ్బుతాయి. ఇథనాల్ తేమను కూడా పీల్చుకుంటుంది. కాబట్టి బండిని నెలల తరబడి పక్కన పెట్టేటప్పుడు గిన్నె ఖాళీ చేయాలి.

బిల్లు అడగడానికి మొహమాటపడొద్దు

మరీ చవగ్గా ఇస్తున్నారంటే అది ఎవరి బండి నుంచి వచ్చిందో ఆలోచించాలి. దొంగ సరుకని తెలిసి గానీ, అలా అనుకోవడానికి కారణం ఉండి గానీ కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడే అవకాశం ఉంది. కార్బురేటర్ ఒక్కటే అయితే పోలీసుల దాకా వెళ్లకపోవచ్చని కొందరు ధైర్యం చెబుతారు. ఇంజిన్ కూడా అదే చోట, కాగితం లేకుండా కొన్నట్లయితే ఆ ధైర్యం పనికిరాదు. ఇంజిన్ మీద నంబర్ ఉంటుంది. చిన్న కాగితం మీదైనా షాపు పేరు, తేదీ, సరుకు, ధర రాయించుకోవాలి. డబ్బులు ఫోన్ ద్వారా పంపితే ఆ రికార్డు కూడా ఉంటుంది. కాలేజీ టీమ్ అయితే ఖర్చుల లెక్క చూపడానికీ ఇదే పనికొస్తుంది.

బిగించేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు

బైక్‌లో పెట్రోల్ ట్యాంక్ కార్బురేటర్‌కు పైన ఉంటుంది. పెట్రోల్ దానంతట అదే కిందికి దిగుతుంది. గో-కార్ట్‌లో ట్యాంక్ నేల దగ్గర, స్టీరింగ్ కింద ఉంటుంది. పెట్రోల్ పైకి ఎక్కదు. బండి ఒక్క నిమిషం నడిచి ఆగిపోతే "కార్బురేటర్ పాడైంది" అనుకుని ఇంకొకటి కొనేస్తారు. నిజానికి కావాల్సింది ఇంజిన్ పీల్చుడుతో పనిచేసే చిన్న పెట్రోల్ పంపు. ఇంజెక్షన్ బైక్ పంపును మాత్రం పెట్టకూడదు. అది సుమారు 3 బార్ ఒత్తిడితో తోస్తుంది. అంత ఒత్తిడికి ఫ్లోట్ సూది ఆగదు, పెట్రోల్ పొంగి ఇంజిన్ మీద పడుతుంది.

యాక్సిలరేటర్‌కు స్ప్రింగ్ ఒకటి సరిపోదు, రెండు ఉండాలి. ఒకటి తెగినా ఇంకొకటి మూయాలి. డ్రైవర్ చేతికి అందేలా కిల్ స్విచ్ ఉండాలి. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు పక్కన మంటలార్పే సిలిండర్ పెట్టుకోవాలి.

జెట్ల విషయంలో కాస్త పెద్దదానితో మొదలుపెట్టి మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ఫుల్ స్పీడులో నడిపి, అక్కడికక్కడే ఆపి ప్లగ్ తీసి చూడాలి. నల్లగా మసి పట్టి ఉంటే పెట్రోల్ ఎక్కువ వెళ్తోంది. తెల్లగా కాలి ఉంటే తక్కువ వెళ్తోంది, ఇంజిన్ వేడెక్కి పిస్టన్‌కు చిల్లు పడుతుంది. ఇథనాల్ పెట్రోల్‌తో ఈ రెండో ప్రమాదం ఎక్కువ. కాబట్టి పాత రోజుల జెట్ నంబర్లను గుడ్డిగా నమ్మకూడదు. జెట్ మూసుకుపోతే ఇనుప తీగ గుచ్చవద్దు. రంధ్రం పెద్దదైపోతుంది. స్ప్రే కొట్టి గాలి పెట్టాలి.

రోడ్డు మీద కాదు

ఇంత కష్టపడి తయారు చేసిన బండిని రాత్రిపూట రింగ్ రోడ్డు మీద పరీక్షించాలని కొందరికి అనిపిస్తుంది. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం రోడ్డు మీద రేసింగ్‌కు మొదటిసారి మూడు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే ఏడాది దాకా జైలు, 10,000 దాకా జరిమానా. కేసు కంటే పెద్ద నష్టం ఆస్పత్రి మంచం మీద, ఇంటివాళ్ల కళ్లలో కనిపిస్తుంది. ట్రాక్ మీద నడపాలనుకునేవాళ్లకు దారులున్నాయి. దేశంలో మోటార్ స్పోర్ట్స్‌ను చూసే సంస్థ ఎఫ్ఎంఎస్‌సీఐ. దాని లైసెన్స్ తీసుకుని చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై, కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వే లాంటి ట్రాకుల మీద పోటీపడొచ్చు.

ఉస్తాద్‌ను వెంట తీసుకెళ్లండి

ఇంజెక్షన్ బండ్లు వచ్చాక పాత మెకానిక్‌ల పని సగానికి సగం కంప్యూటర్ చేతికి పోయింది. స్లైడ్ చప్పుడు విని, ప్లగ్ రంగు చూసి లోపం చెప్పే ఉస్తాద్‌ల దగ్గరికి ఇప్పుడు నేర్చుకోవడానికి కుర్రాళ్లు రావడం తగ్గింది. రేసింగ్ బండి కట్టాలనుకునే టీమ్‌కు కావాల్సిన విద్య సరిగ్గా వాళ్ల చేతిలోనే ఉంది. బజారుకు వెళ్లే రోజు ఒక పూట కూలి ఇచ్చి అలాంటి ఉస్తాద్‌ను వెంట తీసుకెళ్తే తప్పుడు సరుకు ఇంటికి రాదు. తిరిగొచ్చాక ఆయన ముందే కార్బురేటర్ విప్పి, కడిగి, బిగించి చూపించమని అడగండి. రెండోసారి మీరే విప్పండి, ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకోండి. అదే మోడల్ ఇంకొకటి చవగ్గా కనిపిస్తే అదీ కొని పక్కన పెట్టుకోండి. పోటీ రోజు ఉదయం ఫ్లోట్ పిన్ను విరిగితే ఏ బజారూ తెరిచి ఉండదు.